రాగం ఎప్పుడైపోతుంది?



పదేళ్ల వయసులో నాకు గిట్టని చప్పుడు ఒకటుండేది. నాటకంలో కృష్ణుడు పద్యం పూర్తిచేసి, ఆఖరి అక్షరం పట్టుకుని తీసే రాగం. పద్యం అయిపోయింది కదా, ఇక మాట్లాడొచ్చు కదా, సంధో యుద్ధమో తేల్చొచ్చు కదా! అబ్బే. ‘ఆ...’ అని అందుకునేవాడు. పైకి వెళ్లేవాడు, అక్కడ కాసేపు తిరిగేవాడు, దిగుతున్నట్టే దిగి మళ్లీ ఎక్కేవాడు. వెనకే హార్మోనీ పరుగెత్తేది. మా నాన్న కళ్లు మూసుకుని తల ఊపేవాడు. నేను ఆయన మోకాలు గిల్లి, ‘రాగం ఎప్పుడైపోతుంది నాన్నా?’ అని అడిగేవాణ్ణి. ఆయన కళ్లు తెరవకుండానే ‘ష్’ అనేవాడు. అది అయ్యేలోగా నాకు నిద్ర పట్టేసేది.

అదే రాగం కోసం ఇప్పుడు, డెబ్బైకి దగ్గరపడ్డాక, వారానికి రెండుసార్లు బస్సెక్కి తెనాలి వెళుతున్నాను. ఈ మధ్యలో ఏం జరిగిందో మీతో చెప్పాలని వచ్చాను. నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అంచేత నా మాటల్లో స్వరం తప్పితే విద్వాంసులు మన్నించాలి. లెక్క తప్పితే మాత్రం మన్నించక్కర్లేదు.

మాది తెనాలికీ రేపల్లెకీ మధ్య, కాలువ పక్క ఊరు. శివరాత్రికి తిరునాళ్ల, ఆ రాత్రి నాటకం. పది రోజుల ముందునుంచీ జట్కాబండికి మైకు కట్టుకుని, కరపత్రాలు ఎగరేసుకుంటూ పోయేవాళ్లు. పిల్లలం బండి వెనకాల పరిగెత్తి ఏరుకునేవాళ్లం. గులాబీ రంగు కాగితం మీద ఒకటో కృష్ణుడు ఫలానావారు, రెండో కృష్ణుడు ఫలానావారు అని పేర్లుండేవి. ఒక్కోసారి మూడో కృష్ణుడు కూడా. ఒక్క నాటకంలో ఇంతమంది కృష్ణులేమిటని ఈ కాలం పిల్లలు నన్ను అడుగుతుంటారు. వాటిని కాంట్రాక్టు నాటకాలనేవాళ్లు. ఒక కంపెనీ అంటూ ఉండదు. కాంట్రాక్టరు ఒక్కో ఊరినుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి ఆ రాత్రికి పిలిపిస్తాడు. పడక సీనుకి ఒకాయన, రాయబారం సీనుకి ఇంకొకాయన. రిహార్సలు లేదు. అందరికీ అన్ని పద్యాలూ నోటికే. అర్ధరాత్రి దాటాక లావుపాటి కృష్ణుడు తెరలోకి వెళ్లి, సన్నపాటి కృష్ణుడు బయటికొచ్చినా జనంలో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. వాళ్లొచ్చింది గొంతుల కోసం.

ఇక పోటీ సంగతి చెప్పాలి. ఒకటో కృష్ణుడికి రెండు వన్స్‌మోర్లు పడ్డాయంటే, రెండో కృష్ణుడు మూడు కొట్టించుకోకుండా తెరలోకి వెళ్లేవాడు కాదు. వన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ మొదటినుంచి. మధ్యలో ఎవరో ఒకాయన స్టేజి ఎక్కి ఐదు రూపాయల నోటు కృష్ణుడి కండువాకి గుచ్చేవాడు. మైకులో దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చదివేవాళ్లు. ఆ కాసేపూ కురుక్షేత్రం ఆగేది. దుర్యోధనుడు కిరీటం తీసి చెమట తుడుచుకుని మళ్లీ పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. మరి నాకు కథ మీద నమ్మకం ఎలా ఉంటుంది?

మా నాన్న ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. మూడెకరాల మాగాణి. ఆయనకి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు మొత్తం వచ్చు. పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు, విని పట్టుకున్నది. నూర్పిళ్ల రోజుల్లో రాత్రిపూట కళ్లంలో కాపలా పడుకుని పాడుతుంటే, అవతలి కళ్లంలోంచి ఇంకో గొంతు దుర్యోధనుడి పద్యం అందుకునేది. ఇది ఎంత అపురూపమైన సంగతో ఇవాళ తెలుస్తోంది. అప్పుడు మాత్రం గడ్డివాము మీద పడుకుని, దుప్పటి చెవుల మీదకి లాక్కునేవాణ్ణి.

పోనీ పద్యమంటేనే పడదా అంటే అదీ కాదు. ఘంటసాల పద్యం నాకు ప్రాణం. 1967లో శ్రీకృష్ణావతారం సినిమా వచ్చింది. మా నాన్న పాడే ఆ రాయబారం పద్యాలే అందులో ఘంటసాల పాడారు. ఎంత నున్నగా ఉంది! మాట మాటా విడివిడిగా, ముత్యం ముత్యంలా. రాగం కావలసినంతే, గుక్కెడు. చూశావా నాన్నా, పద్యమంటే ఇలా పాడాలి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘బాగానే ఉందిరా, కానీ అది మన పక్కన కూర్చుని చెప్పినట్టుంది’ అన్నాడు. అది మెచ్చుకోలో, ఆక్షేపణో నాకు అర్థం కాలేదు. ఇరవై ఏడేళ్లు పట్టింది అర్థం కావడానికి.

1994 శివరాత్రి. అప్పటికి నేను మాస్టారినై, పెళ్లయి, పిల్లలతో పండక్కి ఊరొచ్చాను. నాన్న యథాప్రకారం సాయంత్రమే చాప పట్టుకెళ్లి ముందు వరసలో వేశాడు. నేను మైదానం చివర, బజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. నాటకం వంక చూడటం కూడా లేదు. పాత స్నేహితులతో పే కమిషన్ గురించి మాట్లాడుకుంటున్నాం. రాయబారం సీను మొదలై పది నిమిషాలైందో లేదో, టప్పున కరెంటు పోయింది. మైకు పోయింది, లైట్లు పోయాయి. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఎవరో రెండు పెట్రోమాక్సు లైట్లు తెచ్చి స్టేజికి చెరోపక్కా పెట్టారు.

కృష్ణుడు ఆగలేదండీ. హార్మోనీ కాళ్లతో తొక్కేది, దానికి కరెంటుతో పనేముంది? ఆయన ఒకసారి గొంతు సవరించుకుని, స్టేజి అంచుకి వచ్చి, మైకు కర్రని పక్కకి జరిపి, పద్యం ఎత్తుకున్నాడు. కౌరవ సభలో కృష్ణుడు పాడే ఉత్పలమాల. తెలుగువాళ్లలో రాని ఇల్లు లేదనిపించే పద్యం. నేను స్టేజికి రెండొందల గజాల దూరంలో ఉన్నాను. మధ్యలో రెండు మూడు వేల మంది జనం. ఒక్క అక్షరం, ఒక్కటంటే ఒక్కటి నాకు వినపడకుండా పోలేదు. మైకులో ఉన్నప్పుడు గీపెట్టినట్టున్న గొంతు, మైకు పోగానే గొంతులా ఉంది. ఇక ఆఖరి అక్షరం పట్టుకుని రాగం అందుకున్నాడు చూడండి, అది జనం తలల మీదుగా, నా మీదుగా వెళ్లి కాలువగట్టు దాటి పోయింది. నా చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది.

మా నాన్న అన్నమాట అప్పుడు బుర్రకెక్కింది. ఘంటసాల పక్కన కూర్చుని చెబుతారు. ఎందుకంటే ఆయన నోటికి జానెడు దూరంలో మైకు ఉంది. గుసగుస కూడా దానికి వినపడుతుంది. స్టేజి పద్యం పుట్టిననాటికి మైకు లేదు. 1880ల్లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాల్లో పద్యాలు పాడించడం మొదలుపెట్టారు. ధార్వాడ నాటక కంపెనీలు కోస్తా ఊళ్లలో తిరిగి, హార్మోనీనీ పాటనీ జనానికి రుచి చూపించాయి. అదే దశాబ్దంలో కడప జిల్లా సురభిలో సురభి నాటకం పుట్టింది. వీళ్లందరి ముందూ ఉన్న చిక్కు ఒక్కటే. ఆరుబయట ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకి వినపడాలి. అందుకే నాలుగు శ్రుతిలో, ఐదు శ్రుతిలో పాడేవాళ్లు. మగవాళ్లు మామూలుగా పాడే శ్రుతి ఒకటీ ఒకటిన్నరా అని మీకు తెలుసు. అంత పై శ్రుతిలో ‘ఆ’ అని సాగే గొంతు దూరం పోతుంది. పొలంలో ఉన్నవాణ్ణి గట్టుమీదనుంచి పిలిచేటప్పుడు ఎవరైనా పేరు చివర సాగదీస్తారు కదా. అదే లెక్క. అలాంటి గొంతుకి మూతిముందు మైకు పెట్టి, నాలుగు మూలలా గొట్టాల్లాంటి లౌడుస్పీకర్లు కట్టి, అదేమిటి చెవులు చిల్లులు పడుతున్నాయని నేను విసుక్కున్నాను. చిన్నప్పటినుంచీ నేను విన్నది, విసుక్కున్నది, స్పీకరు గొట్టాన్ని. ఆ రాత్రి దాకా గొంతుని వినే లేదు.

ఇది తెలిశాక నా లెక్కల బుద్ధి ఊరుకోలేదు. ఆ పద్యం కాగితం మీద రాసుకుని చూశాను. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. నాలుగు పాదాలకీ కలిపి 80. బళ్లో మా తెలుగు మాస్టారు మాచేత పాదం పాదం విరిచి చదివించేవారు. ఇరవై అక్షరాలు చదివి ఆగడం, మళ్లీ ఇరవై. యతిస్థానం దగ్గర ఒక చిన్న కుదుపు. ఛందస్సు నేర్పడానికి అది మంచి పద్ధతే. అయితే ఆ పద్యంలో రెండో పాదం చివరి అక్షరం ‘నీ’. అది రెండో పాదంలో ఉందన్నమాటేగానీ, అర్థం ప్రకారం మూడో పాదం మొదట్లో ఉన్న మాటకి చెందినది. పాదం చివర ఆగితే ఆ ‘నీ’ అనాథగా గాల్లో వేలాడుతుంది. బడిలో మేమంతా దాన్ని అలాగే వేలాడదీసి చంపాం. స్టేజి మీద కృష్ణుడు ఏం చేస్తాడు? పందొమ్మిదో అక్షరం దగ్గర ఆగుతాడు. నన్ను సంధి కోసం పంపారు అన్న మాట అక్కడ పూర్తవుతుంది. సభ వంక ఒక చూపు చూస్తాడు. అప్పుడు ఆ ‘నీ’ని ఒడిలోకి తీసుకుని, మూడో పాదంతో కలిపి, ఒకే ఊపిరిలో పాడతాడు. ఆ చిన్న ‘నీ’తో మాట తిన్నగా ఎదుటివాడి పిల్లల మీదకి, ఇంటి మీదకి పోతుంది. అంతవరకూ రాజకీయం, అక్కణ్ణుంచి బెదిరింపు.

వీధిబడి దాటని నటులు ఇలా పాడేవాళ్లు. ఛందస్సు గణాలు వాళ్లకి తెలుసో లేదో నాకు తెలియదు. పద్యంలో వాక్యం ఎక్కడ తిరుగుతుందో మాత్రం తెలుసు.

ఇప్పుడు రాగం. ఆ పద్యంలో కృష్ణుడు అడిగేది ప్రశ్న. సంధి చేసుకుంటావా, యుద్ధం తెచ్చుకుంటావా, తేల్చి చెప్పు. ఆఖరి మాట సంబోధన, ఒక రాజుని పిలిచే పిలుపు. దీర్ఘంతో ముగుస్తుంది. మన పద్యాలు చాలా అలా పిలుపుతోనే ముగుస్తాయి. పిలిచినవాడు జవాబు కోసం ఎదురుచూడాలా వద్దా? ఆ ఎదురుచూపే రాగం. కృష్ణుడు రాగం తీస్తున్నంతసేపూ ప్రశ్న గాల్లో ఉంటుంది. భీష్ముడు తల వంచుకుంటాడు, కర్ణుడు మీసం మీద చెయ్యి వేస్తాడు, జనం ఊపిరి బిగబట్టి ఉంటారు. రాగం పైకి వెళ్లినప్పుడల్లా సంధి కుదిరేలా ఉంటుంది, దిగినప్పుడల్లా చెడేలా ఉంటుంది. రాగం అయిపోతే జవాబు వచ్చేస్తుంది. ఆ జవాబు మనందరికీ తెలుసు. అందుకే కాబోలు, మా నాన్న రాగం అయిపోకూడదనుకునేవాడు. నేనేమో ఎప్పుడైపోతుందని గిల్లేవాణ్ణి.

ఆ రాత్రి కరెంటు మళ్లీ మూడు గంటలకి వచ్చింది. అందరూ హమ్మయ్య అన్నారు. నేను మాత్రం అననందుకు నాకే ఆశ్చర్యమేసింది.

గిట్టకపోవడం ఒక రకం. అసలు పట్టించుకోకపోవడం ఇంకో రకం. ఈ రెండో దానికి నా దగ్గరున్న ఉదాహరణ సత్య హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. అందులో కాటి సీను తెల్లవారుజామున వచ్చేది. అప్పటికి పిల్లలందరం చాపల మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతూ ఉండేవాళ్లం. దాంతో ఆ సీను పద్యాలు నాకు నిద్రలో విన్న పద్యాలు, అంటే వినని పద్యాలు. పెద్దయ్యాక క్యాసెట్టులో విన్నప్పుడు కూడా, కాటి కాపరి ఏడుపు కదా అని ముందుకి తిప్పేసేవాణ్ణి. చాలాకాలం తర్వాత తెలిసింది, కాటి సీనులో హరిశ్చంద్రుడి నోట ఊరూరా మోగే ఆ శ్మశానం పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివని. ఆయన ఖండకావ్యంలోని శ్మశానవాటిలోంచి నటులు తెచ్చుకుని నాటకంలో కలుపుకున్నారు. కవికీ రాజుకీ కొత్త కోడలికీ అక్కడ ఒకటే మట్టి అనే పద్యాలు. వినుకొండలో పుట్టి, కులం పేరుతో అవమానాలు పడ్డ కవి రాసిన ఆ పద్యాలని, ఆ కులం పట్టింపులున్న ఊళ్లే వన్స్‌మోర్ కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకున్నాయి. ఎవరు రాశారో అక్కడున్నవాళ్లలో సగం మందికి తెలియదు. తెలిస్తే కొట్టేవాళ్లా? నేను కాస్త మొండిగా, కొట్టేవాళ్లనే అనుకుంటున్నాను. మా నాన్నని అడిగితే, ‘ఎవరు రాస్తే ఏంట్రా, నిజం కదా’ అన్నాడు. సంగతి తెలిసి మళ్లీ విన్నాక ఆ సీసపద్యాలు నాకు ఏడుపులా వినిపించలేదు. తూకం వేస్తున్నట్టు వినిపించాయి.

కొంతమంది అంటారు, ఏ పాటైనా పదిసార్లు వింటే అదే నచ్చుతుందని. దానికి శాస్త్రం కూడా ఉంది. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, అర్థం లేని మాటలనీ చదవడం రాని అక్షరాలనీ మనుషులకి చూపించాడు. కొన్ని ఒకటి రెండుసార్లు, కొన్ని పాతికసార్లు. ఎక్కువసార్లు చూసినవాటినే జనం మంచివన్నారు. అడ్వర్టయిజుమెంట్లవాళ్లు దీంతోనే బతుకుతున్నారు. నా అనుభవం మాత్రం దీనికి లొంగడం లేదు. స్టేజి రాగం నేను పదిసార్లు కాదు, వెయ్యిసార్లు విన్నాను. విన్నకొద్దీ అసహ్యం పెరిగింది. మార్చింది వెయ్యిన్నొక్కటోసారి కాదు, పోయిన కరెంటు. అలవాటు పడటం వేరు, చెవి తెరుచుకోవడం వేరని నా లెక్క. పాత పాటలన్నీ బంగారం అనేవాళ్లని కూడా నేను నమ్మను. చిన్ననాటిదని ముద్దొచ్చే పాటలు నాకూ ఉన్నాయి. వాటిలో ఏముందో చూపించమంటే నీళ్లు నములుతాను. చూపించగలిగితేనే నచ్చినట్టు.

ఈ రేడియో వేదిక మీద కూర్చుని ఇంకో మాట చెప్పకపోతే బాగుండదు. గిట్టకపోవడం వ్యక్తులకే కాదు, సంస్థలకీ ఉంటుంది. ఇందాకటినుంచి హార్మోనీ హార్మోనీ అంటున్నాను కదా, ఆ హార్మోనీని ఇదే ఆకాశవాణి 1940 మార్చిలో నిషేధించింది. మెట్లు బిగించిన పెట్టె, గమకం పలకదు, పరాయి దేశపు సరుకు, మన సంగీతాన్ని పాడుచేస్తోంది అన్నారు పెద్దలు. గమకం పలకదన్న మాటలో నిజం లేకపోలేదు. ముప్ఫై ఏళ్లు దాటాక, 1971లో, షరతులు పెట్టి మళ్లీ రానిచ్చారు. ఆ ముప్ఫై ఏళ్లూ మా ఊరి స్టేజి మీద హార్మోనీ ఒక్క రాత్రి కూడా ఆగలేదు. అలాగే సినిమా పాట. 1952లో కేస్కర్ గారు మంత్రిగా వచ్చి సినిమా పాటలకి రేడియోలో గేట్లు మూస్తే, దేశమంతా సిలోన్ రేడియోకి ముల్లు తిప్పింది. ఐదేళ్లలో, 1957 అక్టోబర్ 3న, వివిధభారతి మొదలుపెట్టి ఆ పాటలనే పిలిచి కూర్చోబెట్టారు. ఎవరినీ ఎద్దేవా చేయడానికి చెప్పడం లేదు. నాకు ఇరవై ఏడేళ్లు పట్టినప్పుడు ఆకాశవాణికి ముప్ఫై ఏళ్లు పడితే తప్పేముంది?

మా ఇంట్లో కూడా ఒక నిషేధం ఉండేది. మినుములు అమ్మిన డబ్బుతో నాన్న ట్రాన్సిస్టరు కొన్నాడు. దాంట్లో ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు వినపడితే చాలు, చెవి మెలిపెట్టినట్టు మీట తిప్పేసేవాడు. అవి క్లబ్బు పాటలు, సంసారులు వినేవి కావు. అమ్మ ఏమీ అనేది కాదు. అయితే నాన్న పొలంలో ఉన్నప్పుడు ఆ పాటే వస్తే, రుబ్బురోలు పొత్రం తిరిగే వేగం మారేది. అమ్మకి ఆ సంగతి తెలుసో లేదో. నాకైతే ఆ పాటల మీద గౌరవం ఉండేది కాదు. సుశీల పాడితే పాట, ఈశ్వరి పాడితే అల్లరి. అంతే.

మొన్నామధ్య మా అమ్మాయి ఫోనులో దేవుడు చేసిన మనుషులు సినిమాలో ఈశ్వరి పాట పెట్టింది. 1973 నాటిది. చెవులకి పెట్టుకునే ఆ బుడిపెలు నా చెవిలో దోపింది. యాభై ఏళ్లకి మొదటిసారి ఆ పాటని అడ్డం లేకుండా విన్నాను. ముందు సంగీతం ఎవరిదో చూశాను. రమేష్‌నాయుడు. తొమ్మిదేళ్ల తర్వాత మేఘసందేశం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్న ఆ రమేష్‌నాయుడే. అంత మెత్తని చెయ్యి ఈ పాటలో ఏం చేస్తోందా అని మళ్లీ విన్నాను. ఆ గొంతు చేసే పని అప్పుడు పట్టుబడింది. మాటకీ మాటకీ మధ్య ఒక చిన్న నవ్వు ఉంటుంది. తాళం మీద పడదు, తాళానికి వెంట్రుకవాసి వెనక పడుతుంది. ఊపిరి పీల్చిన చప్పుడు కూడా పాటలో భాగమే. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో వాద్యాలవాళ్లూ పాడేవాళ్లూ ఒకేసారి కూర్చుని రికార్డు చేసేవాళ్లు. ఎక్కడ తప్పినా అందరూ మొదటికి రావాలి. ఆ నవ్వు ఏ ఒక్కసారి ముందుకి పడ్డా వాద్యాలన్నీ ఆగిపోవలసిందే. అల్లరి అనుకున్నది అంత కొలత మీద చేసిన పని. కోరస్సులో నిలబడి మొదలుపెట్టిన మనిషి ఆవిడ. ఎవరి గొంతుకి ఎంత చోటిస్తారో తెలిసి, ఇచ్చిన చోటులోనే ఇల్లు కట్టుకుంది.

నాకు చిత్రమనిపించిందేమిటంటే, మా నాన్న కృష్ణుడూ ఈ ఈశ్వరీ చేసేది ఒక రకంగా ఒకటే పని. అక్షరం అయిపోయిన చోట గొంతు ఆపరు. మాట అయ్యాక ఉన్న ఖాళీలోనే వాళ్ల పనితనమంతా. ఈ మాట నాన్న ఉండగా ఆయనతో అంటే, ట్రాన్సిస్టరు నా మీదకి విసిరేవాడు. అమ్మ నవ్వుకునేది.

అన్నీ నచ్చేశాయని చెప్పడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గుడి మీద నాలుగు స్పీకర్లలో ఒకేసారి మోగే భక్తి పాటలు నాకు ఇప్పటికీ పడవు. ఏడాదిలో ఒక్కసారైనా కరెంటు పోతే అవీ నచ్చుతాయేమో చూద్దామంటే, ఇప్పుడు కరెంటు పోవడం లేదు. ఈ మధ్య పద్య నాటకాల్లో హార్మోనీ బదులు కీబోర్డు పెట్టి, రాగం తీస్తున్నప్పుడు వెనక వయొలిన్ల గుంపు మోగినట్టు మీట నొక్కుతున్నారు. ప్రశ్న గాల్లో ఉండగా వెనక ఆ గుంపేమిటి? ఆ చప్పుడు విన్నప్పుడల్లా లేచిపోవాలనిపిస్తుంది. లేచిపోకుండా కూర్చుంటున్నాను, అంతవరకే మార్పు.

తెనాలి బస్సు సంగతి చెబుతానన్నాను. రిటైరయ్యాక, నాటకాల్లో హార్మోనీ వాయించిన ఒక పెద్దాయన పద్యాలు నేర్పుతారని తెలిసి వెళ్లాను. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎందుకు నేర్చుకుంటారు మాస్టారూ, స్టేజి ఎక్కుతారా అన్నారు. లేదండీ, ఊరికే అన్నాను. ఏ పద్యం కావాలన్నారు. ఆ ఉత్పలమాలే అన్నాను. ఆయన నా గొంతు విని, శ్రుతి మీట ఒకటి మీదకి దించి, కాసేపు ఆలోచించి ఇంకా కిందికి దించారు. నాలుగు శ్రుతి కల అక్కడే చెదిరిపోయింది.

పాడితేగానీ తెలియలేదు, ఇరవై అక్షరాలకి ఎంత ఊపిరి కావాలో. మొదటి పాదంలో పధ్నాలుగో అక్షరానికి నా గాలి అయిపోయేది. మీరు యతి దగ్గర గాలి పారబోస్తున్నారు, అది ఆగే చోటు కాదు, ఆనుకునే చోటు అన్నారాయన. రెండు నెలలకి మొదటి పాదం దాటాను. రెండో పాదంలో ఆ ‘నీ’ వచ్చింది. దాని ముందు ఆగాలని నాకు తెలుసు, ఆ సంగతి మీకు ఇంతసేపు ఉపన్యాసం చెప్పినవాణ్ణి కూడాను. అయినా నోరు మాట వినదు. చిన్నప్పటి బడి అలవాటు, పాదం చివరి దాకా జారిపోయి, ‘నీ’ అనేసి, అక్కడ ఆగిపోతుంది. ఆయన హార్మోనీ ఆపి నా వంక చూస్తారు. మళ్లీ మొదటినుంచి. మొత్తానికి సంక్రాంతి ముందు ఒక బుధవారం అది కుదిరింది. ఆయనేమీ అనలేదు, తలొకసారి ఊపి మూడో పాదానికి వెళ్లారు. దారిలో బస్సులో కిటికీ పక్కన కూర్చుని అది మళ్లీ పాడుకుంటే, కండక్టరు టిక్కెట్టు డబ్బులు తీసుకుంటూ, ‘ఏ ఊళ్లో అండీ నాటకం?’ అని అడిగాడు.

మూడో పాదం ఇంకా నడుస్తోంది. రాగం సంగతి ఆయన ఇంతవరకూ ఎత్తలేదు. మొన్న నేనే ఉండబట్టలేక అడిగాను.

‘రాగం ఎప్పుడండీ?’

ఆయన హార్మోనీ మీద గుడ్డ కప్పుతూ, ‘ముందు పద్యం పూర్తి కానివ్వండి మాస్టారూ’ అన్నారు.